పసుపు గుడ్డా, నీకో దండం

మహారాజశ్రీ కారు తుడిచే పసుపు గుడ్డ గారికి,

హన్మకొండ, నయీంనగర్ నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ నువ్వు క్షేమం, బాపు క్షేమం, కారు సంగతే మంచిగ లేదు.

న్యాయంగ ఈ మాటలు బాపుకి చెప్పాల్సినయి. కానీ రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ముందట నిలబడి "బాపూ, నువ్వు కారు తుడిచే తీరు సరిగ లేదు" అనాలంటే గుండె గట్టిగుండాలె. ఒక్కసారి అంటే "మీ ఇద్దరి ముక్కులు తుడిచి పెంచినోన్ని, నాకు కారు తుడుసుడు నేర్పుతవారా" అన్నడు, వంటింట్లకెళ్లి అమ్మ కిసుక్కున నవ్వింది, ఇగ ఆ ముచ్చట మళ్ల ఎత్తలే. నీకు నోరు లేదు కాబట్టి నీకే రాస్తున్న.

నువ్వెవరో తెల్వనోళ్లు మన దగ్గర ఎవరూ ఉండరు. సిగ్నళ్ల కాడ, పెట్రోల్ బంకుల కాడ, స్పేర్ పార్ట్స్ షాపుల ముందట గుత్తులు గుత్తులు వేలాడుతవు, పసుపు పచ్చ రంగు, అంచుకు ఎర్రదారం కుట్టు. కొన్ననాడు మెత్తగనే ఉంటవు, నాలుగుసార్లు ఉతికి ఎండల ఆరేస్తే బిర్రుగ, గరుకుగ తయారైతవు. మా ఇంట్ల ఉన్న నువ్వైతే ఇంక ఘనం, ఒక మూలకు ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల తుడిచిన నల్ల మరక, ఇంకో మూలకు దసరానాడు కారు ముందట కొట్టిన కొబ్బరికాయ నీళ్ల జిడ్డు, నడుమ ముందు అద్దం మీద సచ్చిన పురుగుల ముద్రలు. డ్రైవర్ సీటు కింద నీ కాపురం, చెప్పులకంటిన దుబ్బ అంత నీ మీదనే. అప్పుడప్పుడు చెయ్యి జారి నేల మీద పడతవు, బాపు నిన్ను తీసి రెండుసార్లు దులిపి మళ్ల బానెట్ మీదికే తోలుతడు.

మిగతా పది నెలలు నువ్వు చేసే నష్టం ఒకెత్తు, డిసెంబర్, జనవరి ఒకెత్తు.

ఎందుకంటే చలికాలం రాత్రి మబ్బు లేకుంటే బయట పెట్టిన కారు రేకు, వేడంత ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటె ఎక్కువ సల్లబడుతది, గాలిల ఉన్న తేమ పోయి దాని మీద మంచు బొట్లై కూసుంటది. ఆదిలాబాద్ దిక్కు 5, 6 డిగ్రీలకు పడితే పేపర్ల ఫొటోలు వేస్తరు, మా వరంగల్ల గంత చలి లేకున్నా కారు తడుసుడు మాత్రం తప్పదు. పొద్దుగాల్నే బాపు మఫ్లర్ చుట్టుకొని, చాయ్ తాగి, నిన్ను సీటు కిందికెళ్లి గుంజి "నీళ్లు కూడ అక్కర్లే, దేవుడే తడిపి పెట్టిండు" అని గుండ్రంగ తిప్పుడు మొదలుపెడతడు. ముందు బానెట్, తర్వాత టాపు, తర్వాత డోర్లు, ఆఖరికి కింద టైర్ల పక్కన మట్టి, అదే గుడ్డతోని మళ్ల ఎక్కడన్న మచ్చ కనిపిస్తే వాపసు బానెట్ మీదికి. ఆ కింది మట్టంత పైకి పోతది చూడు, గప్పుడు నాకు ఇంట్ల కిటికీ కాడ నిలబడి పండ్లు కొరుక్కునుడు తప్ప ఇంకో పని ఉండదు.

దేవుడు తడిపిండు సరే, తడిసింది ఏందో చూసినవా గుడ్డా? ఈ కాలంల మన దిక్కు కారు మీద కూసునేది వట్టి దుమ్ము కాదు. వానాకాలం వడ్లు కోసి, కల్లాలల్ల, రోడ్ల మీద ఆరబోసి, వడ్లు కొనే ఐకేపీ సెంటర్లకెళ్లి లారీలల్ల మిల్లులకు తోలే టైం ఇది. పరకాల దిక్కుకెళ్లి గోదావరి ఇసుక లారీలు, భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ దిక్కుకెళ్లి గ్రానైట్ బండలేసుకొని వచ్చే పెద్ద బండ్లు, రామగుండం, చెల్పూర్ కరెంటు ప్లాంట్ల బూడిద లారీలు, పైన పరదా కట్టినమంటరు గని ఆ పరదా లారీ కంటె ముందే ఎగురుతుంటది. అన్నిటికన్న పెద్దది రైస్ మిల్లు బూడిద. ఉప్పుడు బియ్యం కోసం బాయిలర్ల ఊక కాలుస్తరు కదా, ఆ ఊక బూడిదల 85 నుంచి 95 శాతం దాక సిలికా ఉంటది. ఇసుకల ఉండే సామానే.

ఇప్పుడు రాళ్ల గట్టితనం కొలిచే మోస్ స్కేల్ అని ఒకటుంది, అండ్ల మన గోరు రెండున్నర కాడ, చాకు ఉక్కు అయిదున్నర కాడ ఉంటయి, ఇసుకలో గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ 7. అంటే చాకునే గీకే రేణువులు. వాటికి మంచు నీళ్లు కలిపి, గరుకు గుడ్డ పెట్టి, హెడ్‌మాస్టర్ చెయ్యి బలంతోని గుండ్రంగ రుద్దితే అయ్యేది ఏంది? పెయింట్ షెడ్ల పిలగాండ్లు చేసే పని అదే, వాళ్లు దాన్ని వాటర్ పేపర్ కొట్టుడు అంటరు, 2000 నంబర్ కాయితం నీళ్లల్ల ముంచి రుద్దుతరు, కాకపోతె వాళ్లు ఆ తర్వాత పాలిష్ చేస్తరు, డబ్బులు తీసుకుంటరు. నువ్వు రోజు పొద్దుగాల ఉచితంగ చేస్తున్నవు, పాలిష్ మాత్రం చేయవు.

మరి కారు మీద ఉన్న పెయింట్ ఎంతనుకుంటున్నవు. కంపెనీకెళ్లి వచ్చినప్పుడు రేకు మీద తుప్పు పట్టకుండ వేసే కోటింగ్, ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్, అన్నీ కలిపితే 100 నుంచి 130 మైక్రాన్ల కాడ ఉంటది. అండ్ల మెరుపంత ఇచ్చేది, ఎండకెళ్లి రంగుని కాపాడేది పైన ఉన్న క్లియర్ కోట్, అది 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కూడ ఉండదు. నువ్వు పెట్టిన గీతలు పోవాలంటే రబ్బింగ్ చేయించాలె, రబ్బింగ్ అంటే ఆ వెంట్రుక మందంలకెళ్లే ఇంకొంత అరగదీసుడు. కొన్నిసార్లు చేయించినంక క్లియర్ కోట్ పల్చబడి టాపు మీద తెల్లగ పొలుసులు లేస్తది, గట్ల లేచిన పాత కార్లు హంటర్ రోడ్డు మీద ఎన్ని తిరుగుతలేవు.

మాది ముదురు నీలం బండి, తెల్ల కార్ల దాక్కునే గీతలన్నీ మా దాంట్ల బయటపడుతయి. రాత్రి పెట్రోల్ బంకుల ఎల్ఈడీ లైటు కింద ఆపి బానెట్ మీద లైటు నీడ చూస్తే, ఆ లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్న సన్న గుండ్రటి గీతలు. బాపు చేతి తిప్పుడు మొత్తం అక్కడ అచ్చయి ఉంది. బంకు పిలగాడు చూసి "సార్, డిజైన్ మంచిగున్నది" అన్నడు, ఎటకారమో నిజమో తెల్వలే.

మా అన్న ముచ్చట చెప్పకుంటె ఈ లేఖ పూర్తి కాదు. అన్న టొరంటోల ఉంటడు. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతరు, ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీ కాడ గడ్డకట్టవు, ఇంకా కిందికి పోవాలె, అందుకని. అది కూడ చలి మైనస్ తొమ్మిది, పది దాటితే మామూలు ఉప్పుకు లొంగదు, అప్పుడు మెగ్నీషియం క్లోరైడో కాల్షియం క్లోరైడో కలుపుతరట, కొన్ని ఊర్లల్ల బీట్ దుంప రసం కూడ పోస్తరట, మనం పండుగకి చేసుకునే పాకంల సగం సామాను వాళ్లు రోడ్డుకే పెడుతున్నరు. ఆ ఉప్పు బురద కారు కింద అంటుకొని, కంకర తగిలి పెయింట్ లేచిన కాడికెళ్లి లోపటికి పోయి ఇనుముని తింటది, అందుకని వాళ్లు చలికాలం అంతా కారు అడుగు భాగాన్ని నీళ్లు కొట్టి కడిగిస్తరు, ముందే మైనం పట్టిస్తరు. అన్న ఇదంతా వీడియో కాల్ల బాపుకి వివరంగ చెప్పిండు. బాపు అంతా విని ఫోన్ పెట్టేసి నా దిక్కు తిరిగి "సూసినవా, పెద్దోడు కూడ చెప్తుండు, చలికాలం కారు రోజు తుడవాలె" అన్నడు. ఆ మరునాడు నిన్ను రెండు రౌండ్లు తిప్పిండు.

మన దగ్గర ఉప్పు ఆవకాయలనే ఉంటది, రోడ్డు మీద ఉండదు. టొరంటో కారుకి శత్రువు రోడ్డు మీద ఉంటే, మా కారుకి శత్రువు సీటు కింద ఉంది.

ఈ నడుమ ఇంకో ముచ్చట. కారుకి పెయింట్ మీద పూసే సిరామిక్ కోటింగ్ చేయిద్దామని ఒక షాపుకి పోయిన. "9హెచ్ సార్, గీత పడదు, రాయితోని గీకినా పడదు" అని ఒకటే చెప్పుడు. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ ములుకుల గట్టితనం లెక్క, రాళ్ల లెక్క కాదు, ఇసుక ముందట అది నిలవదు. మంచిదే అది, కాదనను, నీళ్లు జారుతయి, మురికి తొందరగ అంటుకోదు, కడుగుడు అల్కగైతది. గని కవచం గివచం ఏం కాదు. అసలు ఆ కోటింగ్‌ల ముఖ్యమైన సామాను కూడ ఆ సిలికా అనేదే. షాపోడు సీసాల పోసి వేలకు వేలు తీసుకుంటడు, మిల్లోడు చిమ్నీకెళ్లి ఊరందరికి పుణ్యానికి పంచుతడు, నువ్వేమో ఆ పంచిన దాన్ని బానెట్ నిండ రుద్దుతవు. ముగ్గురిట్ల నీకే జీతం లేదు పాపం.

కవర్ కప్పితే అయిపోయె కదా అంటవేమో. కారు శుభ్రంగ ఉన్నప్పుడు కప్పితే మంచిదే, దుబ్బ మీద కప్పితే గాలికి అది కొట్టుకొని కొట్టుకొని నీ పని అదే చేస్తది. మంచుకి తడిసిన కవర్ని తీసి గచ్చు మీద పడేసి సాయంత్రం మళ్ల అదే కప్పుతరు మన దగ్గర, దాని లోపలి దిక్కు ఎంత ఇసుక ఉన్నదో ఎవరూ చూడరు. పక్కింటి సారు కవర్ లోపట పిల్లి పిల్లల్ని పెట్టింది, ఆయన నెల రోజులు కారే తీయలే, ఆ కాలనీల అన్నిటికంటె మెరిసేది ఇప్పటికీ ఆయన కారే.

జనవరిల ఇంకో బాధ మొదలైతది, మామిడి పూత. మా గేటు కాడి మామిడిచెట్టు కింద నీడకని కారు పెడతడు బాపు, పూత మీద తేనెమంచు పురుగు పడితే అది కార్చే తీపి జిగట సన్న చినుకు లెక్క టాపు మీద పడుతది, పడ్డ కాడల్లా దుబ్బ అతుక్కుంటది. దాన్ని పొడి గుడ్డతోని గీకితే గీత గ్యారంటీ, గోరువెచ్చటి నీళ్లల్ల తడిపిన మెత్తటి బట్ట కొద్దిసేపు దాని మీద పెట్టి ఉంచితే అదే వదులుతది. పిట్ట రెట్ట కూడ అంతే. మేడారం ముచ్చట ఇంక అడగకు. 2024 ఫిబ్రవరి జాతరకు పోయి వచ్చినప్పుడు నీలం కారు ఎర్ర కారైంది, తాడ్వాయి రోడ్డు దుబ్బ, డిక్కీ మీద కారిన బెల్లం, అమ్మ పెట్టిన పసుపు కుంకుమ. బంగారం అంటరు ఆ బెల్లాన్ని, అంటుకుంటే నిజంగ బంగారమోలె వదలదు. నువ్వు ఆ రోజు దాని మీద పోయిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తది.

అందుకని నీకు ఈ లేఖ ద్వారా కొత్త ఉత్తర్వులు ఇస్తున్న. మంచు పడ్డ పొద్దుగాల నువ్వు కారు జోలికే పోవద్దు. అద్దాలు వైపర్ నీళ్లు కొట్టి తుడుచుకుంటం, మిగతా కారు దుమ్ముతోనే ఆఫీసుకి పోతది, దానికేం సిగ్గు లేదు, మనకే. ఆదివారం ఎండ ముదరకముందే పైపుతోని నీళ్లు కొట్టి ముందు దుబ్బంత కొట్టుకపోనిస్తం, ఇది అన్నిటికంటె పెద్ద పని, ఇదొక్కటి చేసినా సగం గీతలు పడవు. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్ల కార్ షాంపూ, ఒకదాంట్ల వట్టి నీళ్లు, మైక్రోఫైబర్ గుడ్డ ప్రతిసారి వట్టి నీళ్లల్ల జాడించినంకనే షాంపూల ముంచుడు, పై నుంచి కిందికి, గుండ్రంగ కాదు నిలువుగ. బట్టల సబ్బు పొడి వద్దు, ఉన్న మైనం కూడ తీసేస్తది. మా బోరు నీళ్లు వొట్టి సున్నం, ఎండల ఆరితే తెల్ల మచ్చలు నిలుస్తయి, కాబట్టి వెంటనే మందపు తువ్వాలతోని అద్దుకోవాలె, రుద్దుడు లేదు. రెండు మూడు నెలలకోసారి ఇంత మైనం. అంతే, దీనికి డిగ్రీ ఏం అక్కర్లే.

నీ కొత్త డ్యూటీలు: ఇంజిన్ ఆయిల్ పుల్ల, టైర్లు, స్టెప్నీ, గేటు గొళ్లెం, అమ్మ కుట్టు మిషన్. జీతం పాతదే. బానెట్, టాపు, డోర్లు, డిక్కీ, ఈ నాలుగింటి మీద చెయ్యి వేస్తే సస్పెన్షన్. దుమ్ము దులిపే ఈకల బ్రష్ ఒకటి డిక్కీల ఉంటది, దానికి కూడ ఇవే ఉత్తర్వులని చెప్పు.

ఇట్లు,
బాపుకి ఎదురు చెప్పలేని చిన్న కొడుకు

మ.వి.: మంచి మైక్రోఫైబర్ తువ్వాలలు రెండు తెచ్చి కార్ల పెట్టిన. బాపు పట్టుకొని చూసి "అబ్బ, మెత్తగున్నయిరా" అని ఒకటి టీవీకి, ఒకటి కళ్లద్దాలకి తీసుకపోయిండు. కారు తుడుసుడానికి పొద్దటి నుంచి నిన్నే వెతుకుతుండు. నువ్వు స్టెప్నీ కింద ఉన్నవు. పిలిస్తే పలకకు.