ఈ-పుస్తకాల కాలువకు లస్కరు

అమలాపురంలోని మా ఇంట్లో, దేవుడి గూటికి సాంబ్రాణి పొగ తగలనంత దూరంలో, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరూ దానికి తోకలా వేలాడే 2 టెరాబైట్ల హార్డ్ డిస్కూ ఏడాదిన్నరగా రాత్రింబవళ్లు వెలుగుతున్నాయి. వచ్చిన చుట్టాలు దానిని కేబుల్ పెట్టె అనుకుని రిమోటు ఏదని అడుగుతుంటారు. నిజానికి అది గోదావరి డెల్టా వాసులు ఈ-పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే సంఘానికి ప్రధాన కార్యాలయం. దానికి వ్యవస్థాపకుణ్ణి, కార్యదర్శిని, కోశాధికారిని, కరెంటు బిల్లు కట్టేవాణ్ణి, కాలువ తూములు చూసే లస్కరులా పుస్తకాలు వదిలేవాణ్ణి నేనే.

ఇటువంటి ఘనకార్యానికి మా గడ్డ కొత్తదేమీ కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడని పేరు పొందిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు ఈ ప్రాంతంలోనిదే. పొరుగున కృష్ణా డెల్టా వారు 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయాన్నే నడిపారు. అయితే ఆ మహనీయులకు పాస్‌వర్డు మరచిపోయే పాఠకులు లేరన్న సంగతిని చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

ఒక పుస్తకం ఇచ్చినవారు రెండు తీసుకోవచ్చునని తొలినాడే నియమం పెట్టాను. ఆ నియమానికి మా సభ్యులు చూపిన విధేయత ఇంతా అంతా కాదు. గడిచిన ఏటి పంచాంగం 11 ప్రతులు వచ్చి చేరింది. ఒకాయన తన బావమరిది పెళ్లి శుభలేఖను పీడీఎఫ్‌గా సమర్పించి రెండు నవలలు పట్టుకుపోయారు. ఆ నెలలో అందరికన్నా ఎక్కువమంది దింపుకున్నది ఆ శుభలేఖనే, విందు ఫలానా రోజున అని అందులో ఉంది కనుక. ఒకే ఫైలును రెండుసార్లు ఎక్కిస్తే యంత్రం పసిగడుతుంది గానీ, అదే పంచాంగాన్ని పదకొండుగురు పదకొండు ఫోన్లతో ఫొటో తీస్తే దాని లెక్కలో అవి పదకొండు వేర్వేరు గ్రంథాలు. గుర్రపుడెక్క కాలువను కమ్మేసినట్లు ఇవి డిస్కును కమ్మేశాయి.

పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు మాత్రం నిజమైన పుస్తకమే ఇచ్చారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలవి. 240 పేజీలనూ ఓపికగా ఫోనుతో ఫొటోలు తీశారు. ప్రతి పేజీనీ అణచి పట్టిన బొటనవేలు, దానికి తోడు పగడపుటుంగరం, సంపుటమంతటా పాత్రల్లా కనిపిస్తాయి. ఇందులో చట్టానికి వచ్చిన లోటేమీ లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత గతించిన సంవత్సరం ముగిశాక మరో 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. శాస్త్రిగారు 1961లో కన్నుమూశారు కనుక 2022 జనవరి 1 నుంచి ఆ కథలు అందరివీ. ఈ లెక్కను మరో సభ్యుడికి వివరించబోతే, ఆయన నిక్షేపంగా జీవించి ఉన్న రచయిత నవల ఎక్కించి, "ఆయ్, ఆయన మా ఊరి అల్లుడేనండి, ఏమీ అనుకోరు" అని నాకే ధైర్యం చెప్పారు. ఆ నవలను తొలగించిన పాపానికి ఆ ఊళ్లో నాకు మర్యాద తగ్గింది.

సగం పీడీఎఫ్‌లు 'అను' అనే పేరుగల ఫాంట్లలో కొట్టినవి. తెరమీద ముత్యాల్లాంటి తెలుగే కనబడుతుంది. కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేతం, అంటే యూనికోడ్, కాదు గనుక "గోదావరి" అని వెతికితే మాత్రం ఒక్క చుక్క నీరు తగలదు.

ఇక స్వాతంత్ర్యం సంగతి. పెద్ద కంపెనీల దయాధర్మాల మీద బతకకూడదనే సొంత యంత్రం పెట్టాను. కానీ నెట్టు ఇచ్చేవారు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి పంచడంతో బయటి నుంచి నా సర్వరు తలుపు తట్టే దారే లేకపోయింది. చివరకు ఎక్కడో ఒక సర్వరును అద్దెకు తీసుకుని, దాని మీదుగా వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేరుతో నా యంత్రం దాకా సొరంగం వేయవలసి వచ్చింది. నెలనెలా పరాయివాడికి కప్పం కడితేగాని మా స్వరాజ్యం నిలబడడం లేదు. అప్పటికీ కరెంటు పోతే అన్నీ పోతాయి. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. "సర్వరు పడిపోయిందాండీ?" "లేదండీ, కరెంటు పోయిందండీ." "మా ఇంట్లో ఉందండి మరి!"

వీటన్నింటికీ పరిష్కారం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే ఉందని ఆలస్యంగా గ్రహించాను. అది 1852లో పూర్తయిన నాటి నుంచి ఎగువన తూము దగ్గరున్నవాడు చేను ముంచుకోవడం, శివారు రైతు ఆకాశం వైపు చూడడం మనం ఎరిగినదే. మా సంఘంలోనూ మంచి ఫైబరు కనెక్షనున్న ఒక సభ్యుడు మూడు రాత్రుల్లో డిస్కు మొత్తం దింపుకుని, నాలుగో రోజున "ఇందులో చదవదగినవి ఏవండీ?" అని అడిగారు. ఆ మూడు రాత్రులూ అంతర్వేది వైపు సభ్యురాలికి ఒక్క పుస్తకం సగం వరకే దిగింది. అందుచేత వంతులవారీ విధానం పెట్టాలనీ, వేసవిలో కాలువలు కట్టేసినట్లు సర్వరును కట్టేసి పంచాంగాల పూడిక తీయాలనీ, తీసుకున్న పుస్తకంలో 40వ పేజీ నుంచి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పినవారికే మళ్లీ తూము ఎత్తాలనీ తీర్మానం ప్రతిపాదించాను. సభ్యులందరూ హర్షించి, తొలి పరీక్ష కార్యదర్శికే జరగాలని చిన్న సవరణ జతచేశారు.

సర్వరు పెట్టిన నాటి నుంచి నేను పుస్తకం చదివి ఎరగను. పరీక్షకు తయారవుదామని నిన్న రాత్రి శాస్త్రిగారి కథలు తెరిచాను. 40వ పేజీలో సగం బొటనవేలే. మాస్టారికి ఫోను చేస్తే, "అసలు పుస్తకం ఇంట్లోనే ఉందండి, వచ్చి పట్టుకెళ్లండి" అన్నారు. తరువాత ఒక్క క్షణం ఆగి, "అట్ట వేసుకుని చదవండి, వారంలో తెచ్చి ఇచ్చేయాలి సుమండీ" అన్నారు.