కలుపు మందు తాగి బతికిన మగజీవి సంగతేంటి?

4 లక్షల లీటర్ల నీళ్లలో ఒక్క గ్రాము అట్రజిన్ అనే కలుపు మందు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టైరోన్ హేస్ బృందం 40 మగ ఆఫ్రికన్ కప్పలను గుడ్డు నుంచి బయటపడినప్పటి నుంచి ఈడుకొచ్చేదాకా అంత పలుచని నీళ్లలోనే పెంచింది. 2010లో ఫలితాలు ప్రచురించింది. నాలుగు కప్పలు ఆడవిగా మారాయి. అలా మారినవాటిని మామూలు మగకప్పలతో వదిలితే జతకట్టి గుడ్లు పెట్టాయి. పుట్టిన పిల్లలన్నీ మగవే, ఎందుకంటే తల్లి జన్యువులూ మగవే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేవి మిగిలిన మగకప్పలు. వాటిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తగ్గింది, వీర్యకణాలు తగ్గాయి, ఆడకప్ప కోసం పోటీపడే ఊపూ తగ్గింది. చావులు మాత్రమే లెక్కపెట్టే పరీక్షకు ఇవేవీ అందవు.

దీనిపై వాదన ఇంకా తెగలేదు. అట్రజిన్ తయారుచేసే సిన్‌జెంటా ఖర్చుతో జరిగిన పరీక్షల్లో ఇలాంటి మార్పులు కనిపించలేదు. కప్పల జననాంగాల ఎదుగుదలకు హాని లేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2007లోనే తేల్చేసింది. ఐరోపా సమాఖ్య 2004లో అట్రజిన్‌కు అనుమతి నిరాకరించింది కానీ, అది భూగర్భ జలాల్లో చేరుతోందన్న కారణంతో.

పరీక్షల తీరు మీదే నా అభ్యంతరం. మరో కలుపు మందు గ్లైఫోసేట్‌నే చూడండి, దాని డబ్బాలో గ్లైఫోసేట్ ఒక్కటే ఉండదు. మందు ఆకుకు పట్టుకుని లోపలికి దిగడానికి సబ్బులాంటి పదార్థాలు కలుపుతారు. వాటిలో ఒకటైన పీవోఈఏను గ్లైఫోసేట్ మందుల్లో కలపొద్దని ఐరోపా సమాఖ్య 2016లో ఆదేశించింది. అయినా సంతానంపై ప్రభావం చూసే దీర్ఘకాలిక పరీక్షలు సాధారణంగా అసలు రసాయనం ఒక్కదానితోనే జరుగుతాయి, పిచికారీ చేసే మిశ్రమంతో కాదు.

దెబ్బ ఏ వయసులో తగిలిందన్నది ఇంకా ముఖ్యం. పశువులనే తీసుకుంటే, ఆబోతులో వీర్యకణం తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఎదిగిన పశువులో వీర్యకణాలను పుట్టించే మూలకణాలు మిగిలి ఉంటే, మందు ఆగాక కొన్ని నెలలకు కోలుకునే వీలుంది. దూడ విషయం వేరు. వృషణాల్లో వీర్యకణాలను సాకే సెర్టోలి కణాల సంఖ్య తల్లి కడుపులోను, చిన్నతనంలోను ఖరారైపోతుంది. ఒక్కో కణం సాకగలిగే వీర్యకణాలు కొన్నే. అప్పుడు పడిన లోటు జీవితాంతం పూడదు.

అందుకే చూడి పశువులకు, దూడలకు విడిగా పరిమితులు పెట్టాలి. అమ్మే మిశ్రమంతోనే పరీక్షించి, పుట్టిన మగపిల్లలు ఎదిగాక వాటి వీర్యం కూడా చూశాకే అనుమతి ఇవ్వాలి. ఖర్చు కంపెనీలే భరించాలి, పరీక్ష మాత్రం వాటి చేతిలో ఉండకూడదు.