కష్టాల శిబిరం: పేర్లు నమోదు చేసుకోండి

తెల్లవారుజామున ఐదూ నలభైకి వస్తుంది ఆ వాట్సాప్ ఫార్వర్డ్. వెనక ఉదయించే సూర్యుడు, ముందు రెండు గులాబీలు, మధ్యలో పిలకతో చాణక్యుడు. సారాంశం మీకు తెలిసిందే. కరువుల్లో పెరిగినవాళ్ళు వజ్రాలు. వాళ్ళు కూడబెట్టిన సుఖంలో పెరిగినవాళ్ళు మైనపు ముద్దలు. ఈ ముద్దలు మళ్ళీ కరువు తెస్తాయి. చక్రం తిరుగుతుంది, శుభోదయం.

పంపింది పెదనాన్నగారు. మీ పెదనాన్నగారే కానక్కర్లేదు, ప్రతి ఫ్యామిలీ గ్రూపుకీ ఒకాయన కేటాయింపు ఉంటుంది. అది పంపాక ఆయన ఏసీ ఒక డిగ్రీ తగ్గించి మళ్ళీ పడుకుంటారు.

ఈ మాట చాణక్యుడిది కాదు. 2016లో అమెరికాలో అచ్చయిన ఒక నవలలోది. నాగరికత కూలిపోయాక మిగిలినవాళ్ళు ఎలా బతికారన్న బాపతు కథ. అక్కణ్ణించి మన ఫోన్లలోకి వచ్చేసరికి దానికి పిలక మొలిచింది. కొన్ని గ్రూపుల్లో వివేకానందుడి తలపాగా, ఇంకొన్నిట్లో కలాంగారి జుట్టు. మాట అరిగేకొద్దీ మనిషి పెద్దవాడవుతున్నాడు.

అసలీ చక్రం గొడవ పాతదే. 1377లో ఇబ్న్ ఖల్దూన్ అనే ఉత్తరాఫ్రికా పండితుడు ఒక వంశపు ప్రతిష్ఠ నాలుగు తరాలకి మించి నిలవదన్నాడు. కట్టినవాడు, కట్టినవాణ్ణి కళ్ళారా చూసినవాడు, విని అనుకరించినవాడు, ఇదంతా నా పుట్టుహక్కనుకుని పోగొట్టినవాడు. ఆయన రాసింది ఎడారి తెగలు నగరాలు గెలిచి గద్దెలెక్కిన సంగతి. మనవడు కమలాపండు ఒలుచుకోలేకపోవడం గురించి కాదు. 1990లలో ఇద్దరు అమెరికన్లు దీన్నే ఎనభై ఏళ్ళ చుట్టు, నాలుగు మలుపులు అని లెక్కగట్టారు. అక్కడ 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్ళు బూమర్లు, యుద్ధం అయిపోయి సైనికులు ఇళ్ళు చేరాక కాన్పులు పెరిగాయి కనక. ఇప్పుడు అమలాపురంలో పుట్టి అమలాపురంలోనే రిటైరైన మనిషిని కూడా మనవడు 'బూమర్' అంటున్నాడు. ఆ తిట్టులో అరువు కానిది కోపం ఒక్కటే.

మనకి చక్రాలు కరువై కాదు. అరవై ఏళ్ళకోసారి చుట్టి వచ్చే పంచాంగం ఉంది. ఓడలు బళ్ళవుతాయనే సామెత ఉంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయనే బెదిరింపు ఉంది. అంచేత పెదనాన్నగారి సిద్ధాంతాన్ని మన సంవత్సరాల మీదే పరీక్షకు పెడదాం.

నందన నామ సంవత్సరం, 1832-33. నందన అంటే ఆనందాన్నిచ్చేది. ఆ ఏడు వానల్లేవు. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనంలో దాదాపు 2 లక్షలమంది పోయారని ఆనాటి లెక్క. జనం దానికి పంచాంగం పేరుతో పాటు ఇంకో పేరు కూడా పెట్టుకున్నారు, డొక్కల కరువు. కష్టకాలం గట్టి మనుషుల్ని తయారుచేసే పక్షంలో 1834 నాటికి గుంటూరు జిల్లా నిండా వస్తాదులు తిరగాలి. తిరగలేదు. పొలం దున్నే మనిషి లేక, పశువు లేక, ఊళ్ళు బీడుపడి ఉన్నాయి. తిండిలేని మనిషి గట్టిపడడు, చిక్కిపోతాడు. ఇది తెలుసుకోవడానికి చాణక్యుడు అక్కర్లేదు.

చక్రాన్ని తిప్పింది గోడ. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. రాయి, సున్నం, కాటన్ దొర మొండిపట్టు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఇంకోటి 1855కి. తర్వాత ధాత నామ సంవత్సరం వచ్చింది, 1876-77. బళ్ళారి, కర్నూలు, కడప ఎండి చచ్చాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి కోశారు. సిద్ధాంతం ప్రకారం కర్నూలువాడు గట్టివాడు, కాకినాడవాడు మెత్తటివాడు అయుండాలి. ఈ ముక్క పెదనాన్నగారు స్వయంగా కాకినాడ వెళ్ళి, ఏ సెంటర్లోనైనా నిలబడి చెప్పి రావచ్చు. మేం ఇక్కడే ఉంటాం.

ఆయన సొంత బలం సంగతీ అంతే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. వాళ్ళ నాన్నగారి మెట్ట చేను మాగాణి అయింది. ఆ వడ్ల డబ్బుతో పట్నంలో కాలేజీ, సర్కారు హాస్టలు, నామమాత్రపు ఫీజు, బ్యాంకు పరీక్ష, పెన్షను, రెండు స్టెంట్లు. కాలువ పక్కన పుట్టడాన్ని ఆయన క్యారెక్టర్ అంటారు.

అయినా పెద్దవారి మాట తీసిపారేయడం మర్యాద కాదు. కష్టమే బలానికి మందైతే దాని సరఫరా ఇలా వానల దయకి వదిలేయడం నేరం. కనక ఒక ప్రతిపాదన. హైదరాబాదు శివార్లలో, శంకరపల్లి వైపు, ఒక ఫామ్‌హౌసు అద్దెకి తీసుకుని 'కష్టాల శిబిరం' పెడదాం. మనిషికి 18,000 రూపాయలు, కష్టం మీద 18 శాతం జీఎస్టీ అదనం. పిల్లల్ని తీసుకోం. ఫార్వర్డ్ చేసినవాళ్ళకే ప్రవేశం, మందు ఎవరు రాశారో వాళ్ళే ముందు మింగి చూడాలి కదా.

మొదటి రోజు, లాంతరు. తేలికని పెట్టాం. వత్తిని తిన్నగా కత్తిరించి రెండు మూలలూ కొద్దిగా కొట్టేయాలి. మూలలు వదిలేస్తే మంటకి కొమ్ములు మొలుస్తాయి, చిమ్నీ ఒకపక్క నల్లబడుతుంది. చిమ్నీ చల్లారాకే పొడిబట్టకి ముగ్గుపిండి అద్ది తుడవాలి. వేడి మీద తడిగుడ్డ తగిలితే ఫట్‌మని పగులుతుంది, రెండోది ఇవ్వబడదు. ఆ వెలుగులో ఆ రోజు వచ్చిన ఫార్వర్డ్‌లన్నీ చేత్తో కాపీ రాయాలి, ఒక్కోటి 256మందికి.

రెండో రోజు, వడ్లు దంచడం. ముందు ఎండ చూసుకోవాలి. ఎక్కువ ఎండితే గింజ విరిగి నూకవుతుంది, తక్కువ ఎండితే పొట్టు వదలదు. రోటి మీద కుందెన పెట్టి, పొన్ను వేసిన రోకలి తీసుకుని, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పోటు మార్చి పోటు వెయ్యాలి. తాళం తప్పితే రోకలికి రోకలి తగిలి మణికట్టు జివ్వుమంటుంది. తర్వాత చేటలో చెరగాలి. చెరగడం మణికట్టులో ఉంది, భుజంలో కాదు. భుజంతో చెరిగితే బియ్యం పొట్టుతో కలిసి వాకిట్లో పడతాయి, పిచికలకి పండగ. కిలో వడ్లకి 650 నుంచి 700 గ్రాముల బియ్యం వస్తే మీకు పని వచ్చినట్టు. ఐదుగురి ఇంటికి అది ఒక్క పూటకే. పెదనాన్నగారు ఇక్కడ 'దంపుడు బియ్యం ఒంటికి మంచివి' అని ఒక సందేశం పంపడానికి జేబు తడుముకుంటారు. ఫోను గేటు దగ్గరే తీసుకున్నాం.

మూడో రోజు, నీళ్ళు. ఊళ్ళలో మనిషికి రోజుకి 55 లీటర్లు కావాలని జల్ జీవన్ మిషన్ వారి కొలత. ఐదుగురికి 275. బిందెకి 15 లీటర్లు పట్టుకుంటే 19 నడకలు. బావి దగ్గర గిలక, మోకు, చేద ఇస్తాం. తలమీద చుట్టకుదురు సరిగ్గా కూర్చోకపోతే బిందె పక్కకి ఒరిగి మెడ పట్టేస్తుంది. బిందె బావిలో పడితే పాతాళ గరిగె వేసి తీయాలి, దానికి చేతి నేర్పుకంటే ఓపిక ముఖ్యం, నీళ్ళు తేరాక అంచు తగిలేదాకా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. పన్నెండో నడకకి పెదనాన్నగారు కూర్చుండిపోతారు. 'మా చిన్నప్పుడు ఇలా...' అని మొదలుపెట్టి ఆగిపోతారు. ఆయన చిన్నప్పుడు ఆ బిందె మోసింది ఆయన కాదు. అమ్మ మోసింది. అమ్మకి నడుం పట్టేసిన రోజున, ఐదో తరగతి మానిపించిన అక్క మోసింది. ఆ అక్క పేరు ఏ ఫార్వర్డ్‌లోనూ లేదు, గట్టి మనుషుల జాబితాలో ఆడపేరు ఒక్కటీ కనిపించదు.

అసలు గట్టిదనం అంటే ఏమిటో చూడాలనుకుంటే ఈ నీళ్ళ విభాగాన్ని పాత నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పెట్టాల్సింది. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో తరాల తరబడి అంతకు ఎన్నో రెట్లు. ఫ్లోరైడ్ నిజంగానే ఎముకని గట్టిపరుస్తుంది, ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. కీళ్ళ దగ్గర సున్నం పేరుకుంటుంది. మెడ తిరగదు, మోకాలు చాపుకోదు, వెన్ను విల్లులా వంగిపోతుంది. పైకి అంత దట్టమైన ఎముక, తగిలితే పెళుసుగా విరుగుతుంది. కష్టం కాచి వడపోసిన గట్టి మనుషులు వాళ్ళే. ఫొటో తీసి సూర్యోదయం ముందు పెట్టండి, గులాబీలు కూడా పెట్టండి.

వాళ్ళ వెన్ను నిలబెట్టే ప్రయత్నం చేసింది కూడా కష్టం కాదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టి ఒక పద్ధతి తయారుచేశారు. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, అడుక్కి దిగనిచ్చి, పై తేట వడగట్టడం. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ని బట్టీ నీళ్ళ క్షారతని బట్టీ మారుతుంది. అందాజుగా వేస్తే నీళ్ళు పులుస్తాయి, అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ కొలిచి వేసే మనిషి, మడ్డి తీసి పారబోసే మనిషి లేక చాలాచోట్ల మూలపడింది. ఆ తర్వాత నది నీళ్ళు గొట్టాల్లో వచ్చాయి. నది నీళ్ళు తాగి పెరిగిన పిల్లలు తిన్నగా నిలబడుతున్నారు. పెదనాన్నగారి లెక్కలో వాళ్ళు మెత్తటి తరం.

నాలుగో రోజు, విరేచనాలు. ఇది ప్రయోగాత్మకంగా చూపించలేం, క్లాసు మాత్రమే. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు. టీ చెంచాకి సమంగా కొలిచిన పంచదార ఆరు చెంచాలు, ఉప్పు అర టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే ముందు రుచి చూడాలి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. విరేచనమైనప్పుడల్లా చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలు. అంతే. ఇంతే. దీనికి ఆస్పత్రి అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. 1971లో బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్ళే డ్రమ్ముల్లో కలిపించి, పట్టేపని తల్లులకీ బంధువులకీ అప్పగించాడు. కలరాతో నూటికి 30 మంది పోతున్నచోట పోయేవాళ్ళు నలుగురి లోపుకి తగ్గారు. అదీ శిబిరమే. కష్టకాలమే. అక్కడ మనుషుల్ని నిలబెట్టింది కష్టం కాదు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు.

ఆ సంగతి మన ఊళ్ళకి చేరేలోగా ఏం చేశారో తెలుసా? విరేచనాలైన పిల్లకి నీళ్ళివ్వడం ఆపేశారు. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని. నాలుక పిడచకట్టి, మాడు గుంటపడి, ఏడిస్తే కన్నీరు రాని పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో కడవ నిండా నీళ్ళుండగా, తల్లి చూస్తూ కూర్చుంది. ఇదేనా మీ గొప్ప కష్టకాలం? దీనికేనా సూర్యోదయం బొమ్మ? ఏ ఇంట్లోనైనా నాయనమ్మని పిల్లలెంతమందని అడగండి, రెండు అంకెలు చెబుతుంది. 'పదకొండుమంది పుట్టారు, ఆరుగురు దక్కారు.' దక్కారు. బజార్లో కొన్న మామిడికాయల గురించి చెప్పినట్టు చెబుతుంది, ఎందుకంటే వేరేలా చెప్పడం మొదలుపెడితే ఆపలేదు. స్వతంత్రం వచ్చిన నాటికి ఈ దేశంలో సగటు ఆయువు సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70. ఈ మధ్యలో మనుషులు మెత్తబడ్డారట! దక్కిన ఆరుగురిలో ఒకాయన ఫోను పట్టుకుని కష్టం వల్లే గట్టివాణ్ణయ్యానని రాస్తున్నాడు. దక్కని ఐదుగురూ అదే ఇంట్లో, అదే కష్టంలో పుట్టారయ్యా. వాళ్ళకి వాట్సాప్ లేదు.

సరే. శిబిరం.

ఐదో రోజు ముగింపు కార్యక్రమం. మూల సిద్ధాంతానికి అన్యాయం జరక్కుండా నందన కరువు నిష్పత్తినే యథాతథంగా పాటిస్తాం. 50 మంది చేరితే 30 మందిని సర్టిఫికెట్ ఇచ్చి, శాలువా కప్పి పంపిస్తాం. ఆ 30 మందీ గట్టి మనుషులే, అందులో అనుమానం లేదు. మిగతా 20 మంది తాలూకు సామాను వారసులు వచ్చి తీసుకెళ్ళాలి. డిపాజిట్ వెనక్కివ్వం.

ప్రకటన గ్రూపులో పెట్టిన పది నిమిషాలకి పెదనాన్నగారు అడిగారు, ఆ ఇరవైమందినీ ఎవరు నిర్ణయిస్తారని. చీటీలు తీస్తామని చెప్పాం. పోనీ అనుభవజ్ఞుల కోటా ఏమైనా ఉందా అన్నారు. లేదన్నాం. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

మర్నాడు ఐదూ నలభైకి సూర్యుడు మామూలుగానే ఉదయించాడు. ఈసారి రాగిచెంబులో నీళ్ళు.