ఎన్నడూ రాని సంవత్సరానికి పంచాంగం

అద్దాలతో ఎండను పోగుచేసి, ఆ వేడితో ఉప్పును కరిగించి కాచి, రాత్రి కరెంటు కోసం దాచిపెట్టే సౌర తాప విద్యుత్ కేంద్రాలను ఆడిపోసుకోవడం ఈమధ్య ఫ్యాషనైపోయింది కనుక, వాటి దిగుబడిని ముందే లెక్కగట్టి ముద్దాయి అయిన కంప్యూటర్ మోడల్ పక్షాన వకాల్తా పుచ్చుకుంటున్నాను.

అమెరికాలో నెవాడా ఎడారిలోని క్రెసెంట్ డ్యూన్స్ సంగతే చూడండి. 10,347 అద్దాలు, వాటి నడుమ సుమారు 195 మీటర్ల టవరు, 110 మెగావాట్ల టర్బైను, పొద్దుగూకాక పది గంటలు దాన్ని తిప్పగల వేడి ఉప్పు. ప్రభుత్వమే 73.7 కోట్ల డాలర్ల అప్పుకు పూచీపడింది. ఏడాదికి 5 లక్షల మెగావాట్ అవర్లు వస్తాయని లెక్క తేలగా, 2016 నుంచి 2019 వరకు ఏ ఏడాదీ అందులో సగమైనా రాలేదు. కేంద్రం లెక్క తప్పిందే గాని, మోడల్ లెక్క తప్పలేదని గమనించాలి.

ఇలాంటి లెక్కలకు పునాది ‘నమూనా వాతావరణ సంవత్సరం’. పాత రికార్డులు ముందేసుకుని, జనవరిని ఒక ఏడాదిలోంచి, ఫిబ్రవరిని మరో ఏడాదిలోంచి ఏరి, పన్నెండు నెలలనూ 8,760 గంటల బొంతగా కుడతారు. ఆ సంవత్సరం ఎన్నడూ రాలేదు, ఇకముందు రాదు. మన సిద్ధాంతిగారు కనీసం రాబోయే ఏడాదికి పంచాంగం రాస్తారు. పైగా ఆదాయం పక్కనే వ్యయం కూడా చెబుతారు.

ఇక ఉప్పు. అది పప్పులో వేసేది కాదు. 60 పాళ్లు సోడియం నైట్రేట్, 40 పాళ్లు పొటాషియం నైట్రేట్, అంటే మన సురేకారం. వేడి ట్యాంకులో అది 565 డిగ్రీలు, ‘చల్లని’ ట్యాంకులో 290 డిగ్రీలు. ఆ చల్లదనాన్ని చేత్తో పరీక్షించినవారెవరూ లేరు. 220 డిగ్రీల దరిదాపుల్లోకి దిగితే గొట్టాల్లోనే గడ్డకడుతుంది గనుక, గొట్టాలకు కరెంటు హీటర్లు చుట్టి కాపాడుకోవాలి. కరెంటు పుట్టించవలసిన ఇల్లే కరెంటు బిల్లు కడుతుందన్నమాట.

2016 చివర్లో వేడి ట్యాంకు కారి, లోపలి వ్యవహారం లోకానికి ఉప్పందించింది. కేంద్రం ఎనిమిది నెలలు మూతపడింది. వేడికి సాగే ఉక్కు అడుగుపలక కింద పునాదితో ఒరుసుకుంటుంది, ఉబ్బుతుంది, అతుకుల దగ్గర చిట్లుతుంది. సులువైన మోడల్‌లోనైతే ట్యాంకు అంతటికీ కలిపి ఒకటే ఉష్ణోగ్రత, అంటే అదొక అంకె. అంకెకు అడుగుండదు, అడుగు లేనిది కారదు. మరి నేరం ఎవరిది?

యూనిట్‌కు 13.5 సెంట్లకు కొంటానన్న సంస్థ 2019లో ఒప్పందం రద్దు చేసుకుంది. ఈలోగా మామూలు సోలార్ పలకల ధర పాతాళానికి దిగింది. అదీ మోడల్ చేతిలోని పని కాదు.

మన అనంతపురం జిల్లా నాగలాపురంలో 50 మెగావాట్ల కేంద్రాన్ని మాత్రం ఉప్పు ట్యాంకుల జోలికే పోకుండా కట్టారు. రాత్రికి దాచేది లేదు, దాచనిది కారేదీ లేదు. పొద్దుగూకితే సూర్యుడితోపాటు దానికీ సెలవు.