దించుకునే అంకె వెనక ఏముంది?

612ను 6తో భాగించమంటే చాలామంది పిల్లలు 12 అని రాసేస్తారు. ఆరులో ఆరు ఒకసారి పోతుంది. ఒకటి దించుకుంటే అందులో ఆరు పోదు. రెండు కూడా దించుకుంటే పన్నెండులో ఆరు రెండుసార్లు. శేషం సున్నా. మెట్లన్నీ టీచర్ చెప్పినట్టే ఉన్నాయి, మధ్యలో రావలసిన సున్నా ఒక్కటే లేదు. ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టి 'అజాగ్రత్త' అంటారు. అది అజాగ్రత్త కానే కాదు. మొదట కనిపించే ఆ 6 ఆరు కాదని, ఆరు వందలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. 'ఆరు వందలు ఆరుగురికి పంచితే తలా ఎంత?' అని ముందే అడిగితే, 'వంద' అని చెప్పిన పిల్ల 12 రాసి ఊరుకోదు.

అర్థం చెప్పకుండా పద్ధతితో మొదలుపెట్టడమే మనం చేస్తున్న తప్పు. 'దించుకో' అనే మాటనే తీసుకోండి. ఎందుకు దించుకోవాలో పెద్దవాళ్లలోనే ఎంతమంది చెప్పగలరు? 52 పుల్లలు తీసుకుని పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టండి, రెండు విడిగా ఉంటాయి. నలుగురికి పంచమనండి. తలా ఒక కట్ట ఇచ్చాక ఒక కట్ట మిగులుతుంది. దాన్ని అలాగే పంచలేరు, విప్పాల్సిందే. విప్పిన పదీ, విడిగా ఉన్న రెండూ కలిసి పన్నెండు. తలా మూడు. కాగితం మీద 1 పక్కన 2 దించుకోవడం అంటే ఇదే! కట్ట విప్పిన చేతులకు ఆ మెట్టును బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఎక్కాలు, అభ్యాసం లేకుండా భాగహారం వస్తుందా అంటారు. రాదు, ఒప్పుకుంటాను. ఎక్కాలు నోటికి రావాల్సిందే. కానీ అర్థం కాని పద్ధతిని ఇరవైసార్లు చేయిస్తే తప్పే గట్టిపడుతుంది.

శేషం సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో 1980ల మొదట్లో జరిగిన జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. బస్సుకు 36 మంది సైనికులు పడతారు, 1128 మందికి ఎన్ని బస్సులు కావాలి? సుమారు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. 32 బస్సులు అన్నవాళ్లు మాత్రం నాలుగో వంతు కూడా లేరు. 29 శాతం మంది '31, శేషం 12' అని రాశారు. ఆ పన్నెండు మంది ఎలా వెళ్తారని వాళ్లకు తట్టలేదు. తట్టేలా మనం పెంచితే కదా! బడిలో అంకె వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. ఎవరు ముందు చేశారన్నది పోటీ. జవాబును అనుమానించే పిల్లను 'టైమ్ వేస్ట్ చేయకు' అని కూర్చోబెడతాం. ఈ అలవాటు ఒక్క లెక్కల పీరియడ్‌తో పోదు. సైన్సులో, చరిత్రలో, రేపు ఓటు వేసేటప్పుడు కూడా చెప్పిందే రాసే మనిషి ఇక్కడే తయారవుతాడు.

పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వస్తే హైస్కూల్లో బీజగణితం అంత బాగా వస్తుందని అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలతో 2012లో వచ్చిన పరిశోధన చూపించింది.

రేపు ఇరవై లెక్కలకు బదులు ఐదే ఇవ్వండి. చేసే ముందు, జవాబు సుమారు ఎంత రావచ్చో పక్కన రాయమనండి. చేశాక గుణించి, శేషం కలిపి సరిచూసుకోమనండి. 12 ఆర్లు 72 అని చూసుకున్న పిల్ల, మీ ఎర్ర పెన్ను కోసం ఆగకుండా తనే ఆ సున్నాను వెతుక్కుంటుంది.