ఏరోస్పేసా, కంప్యూటర్సా? తిరుపతిలో ఓ మేనమామ, మేనకోడలి వాదన

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడింది. మామ బెంగళూరులో సాఫ్ట్‌వేర్. కోడలు ఏరోస్పేస్ తప్ప ఇంకోటి వద్దంటోంది.

మామ: శ్రీహరికోట మన జిల్లాలోకి వచ్చింది కదా అని ఉద్యోగం కూడా పక్కనే ఉందనుకోకు తల్లీ. ఇస్రో ఇంజినీర్ పోస్టుల నోటిఫికేషన్ చూశావా? చాలావరకు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకే.

కోడలు: చూశాను మామా. కానీ ఇప్పుడు ఇస్రో ఒక్కటే కాదుగా. 2022 నవంబరులో హైదరాబాద్ స్టార్టప్ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది, 2024 మేలో చెన్నై స్టార్టప్ అగ్నికుల్ వాళ్లు ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేసిన ఇంజిన్‌తో ఎగిరారు, రెండూ శ్రీహరికోట నుంచే.

మామ: స్టార్టప్‌లను నమ్ముకోలేం. అదలా ఉంచు, రాకెట్ మొత్తం నీ చేతికిస్తారా? ఇచ్చేది ఒక వాల్వ్. దానికి టెస్టులు, రిపోర్టులు, రివ్యూలు, ఏళ్ల తరబడి అదే పని.

కోడలు: నాకు కావాల్సింది ఆ వాల్వే! 2021 ఆగస్టులో ఇస్రో రాకెట్ జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 ఎందుకు పోయింది? కింది రెండు దశలూ బాగానే పనిచేశాయి. పైన క్రయోజెనిక్ దశలో, అంటే అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే దశలో, ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వ్ లీకై, ట్యాంకులో ప్రెషర్ నిలవక ఇంజిన్ అంటుకోలేదు. మైనస్ 253 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం మామా అది, ఆ చలికి లోహం కుంచించుకుపోతుంది, మెత్తటి సీలు పెళుసుబారుతుంది. మామూలు ఎండలో గట్టిగా మూసుకున్నది అక్కడా మూసుకుంటుందని ఎవరో ఒకరు లెక్కకట్టి, పరీక్షించి సంతకం పెట్టాలి.

మామ: ఆ సంతకం నీదైతే? మా పనిలో తప్పు జరిగితే రాత్రికి రాత్రే ప్యాచ్, అంటే సరిదిద్దిన కోడ్, పంపిస్తాం. నీకు ఆ అవకాశం ఉండదు, ఉపగ్రహం సముద్రంలో పడుతుంది. ఆ టెన్షన్ తట్టుకోగలవా?

కోడలు: 1979 ఆగస్టులో ఇస్రో రాకెట్ ఎస్ఎల్‌వీ-3 అలాగే పడింది. కారణం వెతికి పట్టుకున్నారు, ఏడాది తిరక్కుండానే 1980 జూలైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. అలా వెతికేవాళ్లలో ఒకదాన్ని కావాలనే నా ఆశ.

(నోటిఫికేషన్ల సంగతి మామ చెప్పింది నిజమే, ఏరోస్పేస్ అనే ప్రతి పిల్లా పిల్లాడూ సీటు తీసుకునే ముందే అది చదవాలి. కానీ వాల్వ్ విషయంలో నేను అమ్మాయి పక్షమే, ఆ పనిని చిన్నదనడం నాకు మింగుడు పడదు.)

మామ: పోనీ మెకానికల్ తీసుకో. తర్వాత గేట్ రాసి ఎంటెక్‌లో ఏరోస్పేస్ చెయ్యి. ఒకవేళ మనసు మారినా దారి మూసుకుపోదు.

కోడలు: రెండో ఆప్షన్ మెకానికల్ పెడతా మామా, నీ మాట కాదనను. మొదటిది మాత్రం మార్చను.