ఆవిడ డైలాగు మర్చిపోలేదు బావా

ఇంటికొచ్చి గంటన్నర అయింది, అన్నం కూడా తినలేదు, ఇది రాసేస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

సాయంత్రం వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు ఒక చిన్న హాల్లో ప్రయోగాత్మక ఏకాంకిక ఉందంటే వెళ్లాను. వెళ్లేవాణ్ని ఒక్కణ్నే వెళ్లొచ్చుగా, మా బావని వెంటేసుకెళ్లాను. అక్క మొగుడు, ఎదురుగా ఏమీ అనలేను, అందుకే ఇక్కడ అంటున్నాను. చూస్తే చూడనివ్వండి.

నలభై నిమిషాల నాటకం, ఇద్దరే నటులు. స్టేజీ మీద ఒక మంచం, ఒక సూట్‌కేసు, తీగ మీద నాలుగు బట్టలు, అంతే. మొగుడు పోయి పదకొండో రోజు. ఆవిడ అతని బట్టలు సర్దుతుంటే ఆ పోయిన మనిషి మంచం మీద కూర్చుని కాఫీ ఏదీ, కళ్లజోడు ఎక్కడ పెట్టావు అని బతికున్నప్పటిలాగే సతాయిస్తుంటాడు. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమని ఎవరూ చెప్పరు, ఆవిణ్ని అతను ఏడిపించుకు తిన్నాడనీ ఎవరూ చెప్పరు, రెండూ మనకే తెలిసిపోతుంటాయి. ఒకచోట అతను మాట్లాడటం మానేస్తాడు. ఆవిడ ఒక నీలం చొక్కా తీసి మడతపెడుతుంది, విప్పుతుంది, మళ్లీ మడతపెడుతుంది. మాట లేదు, మ్యూజిక్ లేదు. ప్రతిసారీ కాలర్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. అలా ఒక నాలుగు నిమిషాలు. నాకైతే గుటక పడలేదు.

సరిగ్గా అప్పుడు మా బావ, హాలంతా వినపడేలా: "ఏట్రా, డైలాగు మర్చిపోనాదేటి ఆవిడ?"

వెనక వరస గొల్లుమంది. ముందు వరసవాళ్లు తిరిగి నన్ను చూశారు, బావని కాదు, నన్ను! ఆ నటి మాత్రం చెయ్యి కూడా వణకనివ్వలేదు, ఆ తల్లికి దండం పెట్టాలి. నేను కుర్చీలో ఎంత కిందికి జారానంటే ఇంకొంచెం జారితే నేలే.

సరే, అక్కడితో ఆగాడా. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటూ (అది కూడా నేనే కొన్నాను, నిమ్మకాయ తక్కువైందని దానికీ వంక పెట్టాడు) "రెండొందలెట్టి చొక్కా మడతలు చూడాలేటి, మీ అక్క రోజూ ఫ్రీగానే మడతెడతాది" అన్నాడు. అక్కా, ఇది చదువుతుంటే నువ్వే చూసుకో. ఆ తర్వాత పెద్ద తీర్పు ఒకటి: "ఇయ్యన్నీ ఫారినోళ్ల పిచ్చిరా, మన నాటకమంటే పద్యం ఉండాల, రాగం ఉండాల."

రాగం ఉండాలంట! బావా, మీ తాతగారు పందిట్లో రాత్రంతా కూర్చుని, పద్యం చివర కృష్ణుడు రాగం తీస్తుంటే నోరెళ్లబెట్టి విని, వన్స్ మోర్ అని అరిచి మళ్లీ పాడించుకున్నారని నువ్వే గొప్పగా చెప్తావు కదా. ఆ రాగంలో డైలాగేముంది? "ఆ... ఆ..." తప్ప ఒక్క మాట ఉందా? అది నిమిషాల తరబడి వినొచ్చు, చొక్కా పట్టుకున్న ఆడమనిషి చేతుల్ని నాలుగు నిమిషాలు చూడలేమా?

ఇంక ఫారిన్ సంగతి. సంస్కృతంలో నాటకాలు రాసిన మన భాసుడు ఏ ఫారిన్ నుంచి వచ్చాడు? ఆయన ఊరుభంగం నాటకం ఒకటే అంకం. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరికి చిన్న కొడుకు వచ్చి రోజూలాగే ఒళ్లో కూర్చుంటానంటాడు. కూర్చోబెట్టుకోడానికి తొడలేవి? ప్రేమ, నొప్పి రెండూ అక్కడే ఉన్నాయి, ఇంకెక్కడికో వెళ్లి వెతుక్కోనక్కర్లేదు. పైగా స్టేజీ మీద చావు చూపించకూడదని సంప్రదాయం ఉంటే, భాసుడు దుర్యోధనుణ్ని అందరి ముందే చంపేశాడు. దాన్ని ప్రయోగం అనకపోతే ఏమంటారు? అంతదూరం ఎందుకు, మన పక్కనే విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడినప్పుడు వాడుక మాటలు స్టేజీ ఎక్కడం కూడా ప్రయోగమే.

నిజంగా ఫారిన్ వాళ్ల నాటకం చూపిస్తే మా బావ ఏమైపోతాడో. స్ట్రిండ్‌బర్గ్ అని స్వీడన్ నాటక రచయిత ఒకాయన, 1889లో ఒక నాటకం ఆడించాడు, ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో ఒక మొగుడి గొడవ, ఒకావిడ మొదటి నుంచి చివరిదాకా మాట్లాడుతూనే ఉంటుంది, రెండో ఆవిడకి ఒక్క డైలాగూ లేదు. ఐర్లండ్ రచయిత బెకెట్ అయితే 1963లో ఒక మొగుణ్ని, పెళ్లాన్ని, ఉంచుకున్నదాన్ని పీకలదాకా కుండల్లో పెట్టి, ఎవరి మొహం మీద లైటు పడితే వాళ్లే మాట్లాడాలన్నాడు. అయిపోయిందిరా బాబూ అనుకుంటే మొత్తం మళ్లీ మొదటి నుంచి! దానికి బావని తీసుకెళ్లాలి, తలుపులు బయట నుంచి గడియపెట్టి.

అయినా ఒక్క బావని అని ఏం లాభం. మన భాషలోనే ఉంది. పిల్లాడు బడికెళ్లనంటే "నాటకాలాడకు", అప్పు తీర్చనివాడు "డ్రామాలు ఆడుతున్నాడు". అబద్ధానికి పెట్టుకున్న పేరే నాటకం. సినిమాలాడకు అని ఎవరైనా అన్నారా ఎప్పుడైనా?

ఇంకా పిలిచి అవమానించేవాళ్లు వేరే ఉన్నారు, సన్మానాల బ్యాచ్. ఇవాళ కూడా నలభై నిమిషాల నాటకానికి ముందు యాభై నిమిషాలు శాలువాలే. మా కాలేజీ యానివర్సరీ నేను చచ్చేదాకా మర్చిపోను. అరగంట నాటిక, నెలన్నర రిహార్సల్స్, ప్రేమించిన పిల్ల పెళ్లిరోజున విషం తాగే కుర్రాడి వేషం నాది (అవును, అప్పట్లో అందరం అదే రాసేవాళ్లం, నవ్వకండి). ముఖ్య అతిథి రెండు గంటలు లేటు. ఆయనకి శాలువా, ఆయనతో వచ్చినాయనకి శాలువా, ఆ వచ్చినాయన్ని తీసుకొచ్చినాయనకి శాలువా. మాకు మిగిలింది పన్నెండు నిమిషాలు. నేను సీసా ఎత్తి తాగాను, మోకాళ్ల మీద పడ్డాను, చావడానికి ఇంకా చాలా డైలాగు ఉంది, మైకు కట్. ఎవరో జనగణమన పెట్టేశారు. పడిపోయినవాణ్ని లేచి అటెన్షన్‌లో నిలబడ్డాను, ఇంకేం చేస్తాను. ఆ పిల్ల వేషం వేసిన మా క్లాస్‌మేట్ పెళ్లి దండతోనే పక్కన నిలబడ్డాడు. ఇప్పటికీ ఆ బ్యాచ్‌వాళ్లు ఎక్కడ కనిపించినా "చచ్చి లేచినోడా" అనే పిలుస్తారు. అందుకే ఇవాళ ఆ నటి చెయ్యి ఆపకపోవడం చూసి నాకు అంత అసూయ వేసింది, గౌరవం అనాలేమో, ఏదో ఒకటి.

ఇప్పుడే అక్క ఫోన్ చేసింది. బావ ఇంటికెళ్లి నాటకం మొత్తం చెప్పాడట, కాఫీ, కళ్లజోడు, అన్నీ. "ఆ చొక్కా ఏడుసార్లు మడతెట్టిందిరా, నేను లెక్కెట్టాను" అని వెనక నుంచి అరుస్తున్నాడు. ఏడు కాదు, ఆరు. రేపు రెండో షో ఉంది, మళ్లీ వెళ్తున్నాను, ఒక్కణ్నే, లెక్కపెట్టుకునే వస్తాను.